కురుసుర, విక్టరీ ఎట్ సీ: తొమ్మిదో తరగతి పిల్లలకు ఎలా చూపించాలి?

బొబ్బిలి సోషల్ టీచర్ | నవంబరు 6, రాత్రి 8:10

సభ్యులందరికీ నమస్కారం. నేను బొబ్బిలి దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ఈ నెలాఖరులో మా తొమ్మిదో తరగతి పిల్లలను 44 మందిని విశాఖపట్నం తీసుకువెళ్ళి, ఆర్.కె. బీచ్‌లోని విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకాన్ని, దానికి దగ్గరలోనే ఇసుక మీద నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూపించాలని అనుకుంటున్నాము. వీరిలో సగం మందికి పైగా ఇంతవరకు సముద్రాన్నే చూడలేదు.

నా సందేహం బస్సు గురించీ భోజనాల గురించీ కాదు. మూడేళ్ళ క్రితం ఒక ట్రావెల్స్ వారి మాట నమ్మి ఇలాగే ఒక బృందాన్ని తీసుకువెళ్ళాను. వారు సింహాచలం, జూ, కైలాసగిరి, రుషికొండ, కురుసుర అన్నిటినీ ఒకే రోజులో చుట్టబెట్టించారు. జలాంతర్గామి లోపల మా పిల్లలు ఉన్నది పది నిమిషాలు. స్మారకం దగ్గర బస్సు ఆగనే లేదు, కిటికీలోంచి వేలు పెట్టి చూపించారు. తిరిగి వచ్చాక వ్యాసం రాయమంటే అందరూ అలల గురించీ ఐస్‌క్రీం గురించీ రాశారు. అందులో పిల్లల తప్పు ఏమీ లేదు, వారికి చూడడానికి ఏమీ ఇవ్వనిది నేనే.

ఈసారి బీచ్ రోడ్డు తప్ప మరో చోటికి వెళ్ళము. అయితే ఆ స్మారకం 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టినది కాబట్టి, అక్కడ నిలబడి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ రేవు ఎదుట మునిగిపోయిన సంగతి చెప్పకుండా ఉండలేను. చెప్పేటప్పుడు దానిలో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదన్న సంగతీ చెప్పాలి. చప్పట్లు కొట్టించి ముగించడం నాకు ఇష్టం లేదు. అలాగని అది మనకు విజయం కాదని చెబితే అబద్ధమవుతుంది. పద్నాలుగేళ్ళ పిల్లలకు ఈ రెండింటినీ కలిపి ఎలా చెప్పాలో, లోపల వేటిని దగ్గర నుంచి చూపించాలో, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

డీజిల్ గది | నవంబరు 6, రాత్రి 10:45

మాస్టారూ, నమస్కారం. నేను నావికాదళంలో పనిచేసి విరమించినవాడిని. కురుసుర తరగతికే చెందిన మరో జలాంతర్గామిలో ఇంజిన్ల పని చూశాను. మీరు అడిగినవాటిలో చూపించే సంగతి వరకు నేను చెప్పగలను.

కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన దళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసింది. 31 ఏళ్ళ సేవ తరువాత 2001 ఫిబ్రవరిలో విరమించింది, మరుసటి ఏడాది ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. ఈ సంవత్సరాలు బోర్డు మీదే ఉంటాయి, పిల్లలు రాసుకుంటారు. మీరు మాత్రం వారిని మూడు చోట్ల ఆపండి.

మొదటిది, ఒక గదికీ మరొక గదికీ మధ్య ఉండే గుండ్రని ద్వారం. జలాంతర్గామిని ఏడు గదులుగా విడగొట్టి కడతారు. తల వంచి, కాలు ఎత్తి, ఒంటిని మడుచుకుని దూరితే తప్ప ఒక గదిలోంచి ఇంకొక గదిలోకి పోలేము. ఆ ఉక్కు తలుపు ఎందుకంత మందంగా ఉందో పిల్లలను అడగండి. ఒక గదిలోకి నీరు చొరబడితే ఆ తలుపు మూసి బిగించాలి, అవతల మన మనిషి ఉన్నా సరే మూసి బిగించాలి. శిక్షణ మొదట్లోనే ఈ మాట మాకు చెప్పారు. చెప్పిన రోజున ఎవరికీ అన్నం సహించలేదు.

రెండవది, కాళ్ళ కింద ఉండే బ్యాటరీలు. నీటి లోపల డీజిల్ ఇంజిన్లు నడపడానికి గాలి ఉండదు. అందుకని పైకి వచ్చినప్పుడో, గాలి గొట్టం మాత్రం నీటి పైకి పెట్టినప్పుడో ఇంజిన్లు నడిపి బ్యాటరీలను ఛార్జి చేసుకుంటాము, లోపలికి మునిగాక ఆ కరెంటుతో మోటార్లు తిరుగుతాయి. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. దానిని ఎప్పటికప్పుడు బయటికి తోడకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. మీ భౌతికశాస్త్రం టీచరుగారిని కూడా తీసుకురండి, విద్యుద్విశ్లేషణ పాఠం అక్కడే చెప్పవచ్చును.

మూడవది, పడకలు. 75 మంది దాకా ఉండే ఓడ అది. నీటి లోపల దూసుకుపోయి ఓడలను పేల్చే టార్పెడోల పక్కనే పడుకునేవాళ్ళము. ఒకరు డ్యూటీకి లేచి వెళితే అదే పడక మీద, ఆ వెచ్చదనం చల్లారకముందే, ఇంకొకరు ఒరిగేవారు. మంచినీళ్ళు తాగడానికీ వంటకూ సరిపోతే చాలు అన్నట్టు ఉండేది కాబట్టి వారాల తరబడి స్నానం అనే మాట లేదు. ఇంటికి వెళితే నా బట్టల నుంచి డీజిల్ వాసన రెండు ఉతుకులకు కూడా పోయేది కాదు.

గైడ్లుగా అక్కడ ఉండేవారిలో చాలామంది మా వంటి విశ్రాంత నావికులే. పిల్లలు ప్రశ్న అడిగితే వారి ముఖం వెలుగుతుంది. తొందరపెట్టవద్దని ముందే చెప్పుకోండి.

నాగావళి | నవంబరు 7, ఉదయం 6:30

మాస్టారూ, మా అమ్మాయి బడి వారు కిందటేడు వెళ్ళారు. మ్యూజియంకు సోమవారం సెలవు, మిగిలిన పనిదినాల్లో మధ్యాహ్నం తరువాతే తెరుస్తారు. వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. ఇరుకు చోట్లంటే భయపడే పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ముందే విడిగా అడగండి. మా అమ్మాయి స్నేహితురాలు ఒకరు సగంలో ఊపిరాడక ఏడ్చింది, వెనుక వరుస కదులుతూ ఉండడంతో ఆమెను బయటికి తీసుకురావడం కష్టమైంది.

చరిత్ర పాఠం | నవంబరు 7, ఉదయం 9:20

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. మాస్టారు అడిగిన అసలు ప్రశ్న ఘాజీ గురించి కాబట్టి, కాస్త వివరంగా రాయక తప్పదు.

ఘాజీ అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో డయాబ్లో అనే పేరుతో తయారైంది. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరి, ఉపఖండాన్ని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ దిక్కుకు పంపించివేశారు. తూర్పు నావికా కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువు అనుకునేలా, రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ యుద్ధనౌక చేత విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద ఓడకు సరిపడేంత సరుకును విశాఖ బజారులో కొనిపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రాజ్‌పుత్ రేవు దాటి వెళుతూ నీటిలో అలజడి కనిపించిన చోట డెప్త్ ఛార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు, వదిలింది. కొద్ది నిమిషాలకు తీరమంతా అదిరేలా పేలుడు వినిపించింది.

ఇంతవరకు పెద్దగా వివాదం లేదు. ఘాజీ ఎందువల్ల పేలిందన్న దగ్గరే మాటలు వేరవుతాయి. మన నావికాదళం రాజ్‌పుత్ దాడి వల్లనే మునిగిందని చెబుతూ వచ్చింది. పాకిస్తాన్ వారు దానిని ఒప్పుకోక, అది సముద్రంలో పరుస్తున్న మైన్లలో (ఓడలను పేల్చే మందుపాతరలలో) ఒకటో, లోపలి సామగ్రో పేలి ఉంటుందని అంటారు. ‘డీజిల్ గది’ గారు చెప్పిన హైడ్రోజన్ పేరుకుపోవడం కూడా నిపుణులు చెప్పే కారణాలలో ఒకటి. మన వైపు విశ్రాంత అధికారులలోనూ లోపలి పేలుడు వాదాన్ని కొట్టిపారేయనివారు ఉన్నారు.

నా సలహా ఏమిటంటే, ఈ వాదాలను దాచకుండా పిల్లల ముందు పెట్టండి. ఏ కారణం వల్ల మునిగినా, విశాఖ మీదికి వచ్చిన ప్రమాదం తప్పింది, అండమాన్ వైపు నుంచి విక్రాంత్ విమానాలు స్వేచ్ఛగా పనిచేయగలిగాయి. ఆ ఫలితం మారదు. చరిత్రలో ఒక సంగతికి రెండు సాక్ష్యాలు ఉన్నప్పుడు ఎలా తూకం వేయాలో నేర్పడానికి తొమ్మిదో తరగతికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

సైనిక కుటుంబం | నవంబరు 7, మధ్యాహ్నం 1:15

లెక్చరరుగారి మీద గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. మా నాన్నగారు 1971లో సైన్యంలో ఉన్నారు, మా తమ్ముడు ఇప్పుడు ఉన్నాడు. పల్లెటూరి బడి నుంచి మొదటిసారి సముద్రం చూడడానికి వచ్చిన పిల్లల ముందు, స్మారకం ఎదుట నిలబెట్టి, ‘మనవారు చేశారో, దానంతట అదే పేలిందో’ అని చెబితే వారి మనసులో ఏమి మిగులుతుంది? రాజ్‌పుత్ అనే ఆ పాత ఓడలో ఉన్నవారు, తమ ఎదుట శత్రు జలాంతర్గామి ఉందని తెలిసి కూడా చీకట్లో రేవు దాటి బయటికి వెళ్ళారు. టార్పెడో తగిలితే వారిలో ఎందరు మిగిలేవారు? ముందుగా ఆ ధైర్యం చెప్పండి. తూకాలూ సాక్ష్యాలూ కాలేజీలో నేర్చుకుంటారు.

ఇంకొక మాట. స్మారకం అంటే చనిపోయినవారి ఇంటివారు కూడా వచ్చే చోటు. నవ్వుతూ, కేకలు వేస్తూ, మెట్ల మీద ఎక్కి సెల్ఫీలు తీసుకునే బృందాలను చూసి మా అమ్మ ఒకసారి పూలు పెట్టకుండానే వెనక్కు తిరిగింది.

బొబ్బిలి సోషల్ టీచర్ | నవంబరు 7, రాత్రి 9:00

అందరికీ కృతజ్ఞతలు. ‘సైనిక కుటుంబం’ గారూ, అమ్మగారి సంగతి చదివి మనసు బరువెక్కింది. స్మారకం దగ్గర ఎలా నిలబడాలో, ఎందుకు నిలబడాలో బడిలోనే చెప్పి మరీ తీసుకువస్తాను. రాజ్‌పుత్ ధైర్యం గురించి మీరు రాసిన మాటను, ఎదుట ప్రమాదం ఉందని తెలిసీ రేవు దాటారు అన్న మాటను, యథాతథంగా చెబుతాను. ఆ ధైర్యానికి ఘాజీ ఎలా పేలిందన్న వివాదంతో సంబంధం లేదు కదా. లెక్చరరుగారు చెప్పినదీ, మీరు చెప్పినదీ ఒకదానికొకటి అడ్డు రావని నాకు అనిపిస్తున్నది.

చినవాల్తేరు | నవంబరు 8, ఉదయం 7:05

నాకు అప్పటికి పదకొండేళ్ళు. మా ఇల్లు చినవాల్తేరులో, సముద్రపు గాలి తగిలే వీధిలో ఉండేది. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి సరిహద్దులో మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయన్న వార్త వచ్చింది. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించాము. లాంతరు చుట్టూ మా నాన్న అట్టముక్క కట్టారు. ఇందిరాగాంధీ మాట్లాడతారంటే పెద్దవారంతా రేడియో ముందు మేలుకుని కూర్చున్నారు.

ఇంతలో నేలలోంచి వచ్చినట్టు ఒక పెద్ద చప్పుడు. అద్దాలు గడగడలాడాయి, అలమర మీది కంచు చెంబు దొర్లి కిందపడింది. మా అమ్మ భూకంపం అనుకుని చంటివాడిని ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. మా నాయనమ్మ మాత్రం కదలలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసినప్పుడు ఆమె పెళ్ళయి వచ్చిన కోడలు, ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకు పోయిన రోజులు చూసిన మనిషి. ‘ఇది సముద్రంలోది, మన మీదిది కాదు’ అని ఒక్క మాట అన్నది. మర్నాడు ఏమి జరిగిందో మాకు ఎవరూ చెప్పలేదు, కొన్ని రోజులకు గానీ తెలియలేదు.

మాస్టారూ, బీచ్ రోడ్డులోనే ఉన్న విశాఖ మ్యూజియంలో ఆనాడు జపాన్ వారు వేసి పేలకుండా మిగిలిన బాంబు ఉంది. అది మీ దారిలోనిదే, నడిచే దూరం. పిల్లలకు యుద్ధం ఎక్కడో జరిగేది కాదని ఆ ఇనుపముక్క చెబుతుంది.

జాలారిపేట | నవంబరు 8, రాత్రి 9:50

నేను ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. ఘాజీ గురించి మాట్లాడుతున్నప్పుడు మా వాళ్ళ సంగతి ఎవరూ తలుచుకోరు కాబట్టి రాస్తున్నాను.

ఆ మర్నాడు తెల్లవారి వేటకు వెళ్ళిన మత్స్యకారులకే నీటి మీద నూనె తెట్టు కట్టి కనిపించింది. తేలుతున్న సామాన్లూ ఒక లైఫ్ జాకెట్టూ దొరికాయి. వారు వాటిని తెచ్చి నేవీకి అప్పగించాకనే అక్కడ మునిగినది ఏమిటో తెలిసే దారి దొరికింది. మా తాత ఆ పడవలో లేడు. కానీ ఆ వస్తువులు ఒడ్డుకు వచ్చినప్పుడు చూసినవారిలో ఉన్నాడు. ఆ రోజు పేటలో ఎవరూ సంబరం చేయలేదని చెప్పేవాడు. నీళ్ళలో పోయినవాడు ఎవరివాడైనా పోయినవాడే అన్నది మా ఇళ్ళలో మాట. మాకు ఏటా ఎవరో ఒకరు తిరిగి రారు. శరీరం దొరకని ఇంటిలో దినకార్యం ఎలా జరుగుతుందో మాకు తెలుసు.

మీ పిల్లలు సముద్రం వైపు తిరిగి ఒక్క నిమిషం నిలబడితే, మన నావికుల కోసం, ఆ 93 మంది కోసం, తిరిగిరాని మా వాళ్ళ కోసం కూడా అనుకోమనండి.

నిర్వాహకులు | నవంబరు 9, ఉదయం 8:00

ఈ చర్చలోకి వచ్చిన నేటి రాజకీయాల వ్యాఖ్యలు రెండింటిని తొలగించాము. పిల్లల సందర్శన, స్మారకం, మ్యూజియం, 1971 నావికా యుద్ధం వరకే పరిమితం కావలసిందిగా మనవి.

డీజిల్ గది | నవంబరు 9, రాత్రి 10:20

‘జాలారిపేట’ గారి మాట చదివినప్పటి నుంచి నాకు ఖుక్రీ గుర్తుకు వస్తున్నది.

మాస్టారూ, ఘాజీ గురించి చెప్పిన వెంటనే పిల్లలకు ఖుక్రీ గురించి చెప్పండి. ఘాజీ మునిగిన ఆరవ రోజున, 1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచింది. కొన్ని నిమిషాలలోనే ఓడ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తోటివారిని బయటికి పంపుతూ తాను ఓడతోపాటే మునిగిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. డయ్యూలో సముద్రం ఒడ్డునే వారి స్మారకం ఉంది, గాజు పెట్టెలో ఖుక్రీ నమూనా పెట్టారు.

విశాఖ ఎదుట ఉన్నది వారి సమాధి, డయ్యూ ఎదుట ఉన్నది మన సమాధి. రెంటి మీదా రాయి లేదు, నీరే ఉంది. మేము సముద్రంలోకి వెళ్ళినవాళ్ళము అవతలివాడిని ద్వేషించడానికి తీరిక ఉండేది కాదు. అవతలివాడు కూడా మాలాగే చీకట్లో, డీజిల్ వాసనలో, ఎవరో లేచిన పడక మీద పడుకుని ఉన్నాడని మాకు తెలుసు. ఎదురుపడితే ముంచవలసిన వాళ్ళమే, అందులో సందేహం లేదు. మీరు మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. పిల్లలను ముందు కురుసుర లోపలికి తీసుకువెళ్ళండి, ఘాజీ గురించి ఆ తరువాత చెప్పండి. అప్పుడు వారికి 93 అనేది ఉత్త అంకెగా వినిపించదు.

గూడెం వాసి | నవంబరు 10, సాయంత్రం 5:40

మాది తాడేపల్లిగూడెం దగ్గర. పక్కనే మిలిటరీ మాధవరం అని పిలిచే ఊరు ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ, ఆ తరువాతి యుద్ధాలకూ ఇంటింటి నుంచీ సైనికులను పంపిన ఊరు అది. అక్కడి స్మారకం దగ్గర పెద్దవారు పేర్లను వేలితో తడుముతూ ‘ఈయన మా పెదనాన్న, ఈయన మా వీధివాడు’ అని చెబుతుంటే విన్నాను. పిల్లలు బయలుదేరే ముందే తమ ఊరిలో సైన్యంలో పనిచేసినవారు ఎవరున్నారో కనుక్కుని రమ్మనండి. బొబ్బిలి చుట్టుపక్కల ఉండకపోరు.

బొబ్బిలి సోషల్ టీచర్ | డిసెంబరు 1, రాత్రి 10:30

శనివారం వెళ్ళి వచ్చాము. మీకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

‘గూడెం వాసి’ గారి సలహా ప్రకారం పిల్లలను వాకబు చేయమంటే, మా బడి వంట మనిషి మామగారు సైన్యంలో డ్రైవరుగా పనిచేసి వచ్చారని తెలిసింది. ఆరేళ్ళుగా ఆమె చేతి అన్నం తింటున్నాము, మాకెవరికీ ఆ సంగతి తెలియదు. బయలుదేరే ముందు రోజున ఆయన బడికి వచ్చి, ఎక్కువ మాట్లాడకుండా, తన పతకాన్ని పిల్లల చేతికి ఇచ్చి చూడమన్నారు.

విశాఖ మ్యూజియంలో బాంబు ముందు పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. ‘ఇది పేలి ఉంటే?’ అని ఒకరు అడిగితే, ‘చినవాల్తేరు’ గారి నాయనమ్మ సంగతి చెప్పాను.

కురుసురలో మమ్మల్ని మూడు గుంపులుగా విడగొట్టి పంపించారు. నేను చివరి గుంపుతో వెళ్ళాను. గుండ్రని ద్వారం దగ్గర ఆగి, ‘డీజిల్ గది’ గారు రాసిన మాటను, అవతల మన మనిషి ఉన్నా మూయవలసిందే అన్న మాటను, చెప్పాను. అంతవరకు ఒకరినొకరు తోసుకుంటున్న పిల్లలు ఒక్కసారిగా ఊరుకున్నారు. వెనుక వరుసలోని ఒక అబ్బాయి ఆ ద్వారంలోంచి దూరి, అటువైపు నిలబడి, ఇటువైపు ఉన్న తన స్నేహితుడిని చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఎవరూ ఏమీ అనలేదు. గైడుగారు అది గమనించి వాళ్ళను కదలమని చెప్పకుండా కాసేపు ఆగారు.

మా భౌతికశాస్త్రం మేడమ్ గారు వచ్చారు. పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుందని పిల్లలకు తెలుసు. ఈ రకం జలాంతర్గాములు దాదాపు 250 మీటర్ల లోతుకు దిగగలవు కాబట్టి, అక్కడ చదరపు సెంటీమీటరు మీద సుమారు 25 కిలోల బరువు పడుతుందని లెక్క కట్టించారు. ‘మీ బొటనవేలి గోరు మీద ఒక బియ్యం బస్తా’ అన్నారు మేడమ్ గారు. ఆ తరువాత పిల్లలు తమ గోళ్ళను చూసుకుంటూ, లోపలి గోడను అరచేతితో నొక్కి చూస్తూ నడిచారు.

అక్కడి నుంచి బయటికి వచ్చాకనే స్మారకం దగ్గరికి వెళ్ళాము. ముందు రాజ్‌పుత్ సంగతి చెప్పాను, తరువాత ఘాజీ, ఆ వెంటనే ఖుక్రీ. ఘాజీ ఎలా పేలిందన్న దాని మీద రెండు వాదాలూ చెప్పి, మీకు ఏది నమ్మదగినదిగా ఉంది అని అడిగాను. ఒక అమ్మాయి, ‘సార్, బ్యాటరీ వల్ల అయితే వాళ్ళకి ముందే తెలిసి ఉంటుందా?’ అని అడిగింది. తెలియదమ్మా, ఒక్కరూ బతకలేదు కదా, చెప్పేవారు లేరు అన్నాను. ‘మరి వాళ్ళని ఎక్కడ పాతిపెట్టారు?’ అని మళ్ళీ అడిగింది. చేయి ఎత్తి సముద్రం చూపించాను. అంతవరకు వెళ్ళి ఆడుకోవాలని తొందరపడుతున్న పిల్లలు ఆ వైపు తిరిగి, నేను చెప్పకుండానే చెప్పులు విడిచి నిలబడ్డారు. ‘జాలారిపేట’ గారూ, మీ వాళ్ళను కూడా తలుచుకోమని చెప్పాను. అప్పటికి దూరంగా రెండు పడవలు ఒడ్డుకు వస్తున్నాయి.

ఆ తరువాత గంటసేపు అలల్లో ఆడుకున్నారు. మొదటిసారి చూస్తున్న సముద్రం, వద్దనడానికి నాకు మనసు రాలేదు.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. ‘నాగావళి’ గారు హెచ్చరించినా, భయపడే పిల్లలు ఎవరని తరగతిలో అందరి ముందు అడిగాను. ఎవరూ చేయి ఎత్తలేదు. రెండవ గుంపులో ఒక అబ్బాయి బిగుసుకుపోయి వణికాడు. మేడమ్ గారు చేయి పట్టుకుని ముందుకు నడిపించుకుని వచ్చారు. విడిగా అడిగి ఉండవలసింది.

సైనిక కుటుంబం | డిసెంబరు 2, ఉదయం 6:15

మాస్టారూ, మీరు రాసినది అమ్మకు చదివి వినిపించాను. చెప్పులు విడిచారన్న చోట ఆపి, మళ్ళీ చదవమన్నది. 4వ తేదీన ఉదయం పూలు పెట్టడానికి వెళదామని తానే అడిగింది. ఘాజీ గురించి నేను అన్న మాటను వెనక్కు తీసుకోను గానీ, మీరు చెప్పిన వరుస సరిగా ఉంది.

చరిత్ర పాఠం | డిసెంబరు 2, ఉదయం 9:40

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. 2024లో మన నావికాదళం తన లోతైన నీటి రక్షణ వాహనంతో ఘాజీ శిథిలాలను గుర్తించినట్టు వార్తలు వచ్చాయి. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పండి. ఉక్కు లోపలి నుంచి బయటికి చీలిందా, బయటి నుంచి లోపలికి నొక్కుకుపోయిందా అన్నది చూసి పేలుడు ఎటువైపుదో అంచనా వేస్తారని చెబితే, ఆమె తన ప్రశ్నకు తానే దారి వెతుక్కుంటుంది.

పార్వతీపురం మేడమ్ | డిసెంబరు 2, రాత్రి 8:25

మాస్టారూ, జనవరిలో మా పదో తరగతి ఆడపిల్లలను 38 మందిని ఇదే వరుసలో తీసుకువెళదామని అనుకుంటున్నాను. బయలుదేరే ముందు ఇంకేమైనా చూసుకోవలసినవి ఉన్నాయా?

బొబ్బిలి సోషల్ టీచర్ | డిసెంబరు 2, రాత్రి 9:30

మేడమ్ గారూ, తప్పకుండా వెళ్ళండి. లోపలికి ఎక్కే ముందే పిల్లలను బాత్రూములకు పంపించండి, ఒకసారి వరుసలోకి వెళ్ళాక వెనక్కు రావడం కష్టం. సంచులు బస్సులోనే ఉంచండి, భుజాన ఉంటే ద్వారాల దగ్గర తట్టుకుంటాయి. పొడవుగా ఉన్న పిల్లలకు తల జాగ్రత్త అని ప్రతి ద్వారం దగ్గరా చెప్పాలి, మావాళ్ళలో ఇద్దరికి నుదురు బొప్పి కట్టింది. రోడ్డుకు అవతల టీయూ-142 విమాన మ్యూజియం కూడా ఉంది. పిల్లలు అడుగుతారు, కానీ అదే రోజున పెట్టుకోవద్దని నా మాట. గైడుగారితో మాట్లాడడానికి కనీసం అరగంట మిగుల్చుకోండి. మా గుంపును నడిపించిన ఆయన, పిల్లలందరూ దిగిపోయాక, ఆ ద్వారం దగ్గర ఆగిపోయిన అబ్బాయి ఏ ఊరివాడని నన్ను అడిగి తెలుసుకున్నారు.